వాట్సాప్ 'కనెక్టింగ్' దగ్గరే ఆగిపోతే: గవర్నర్‌పేట మెకానిక్ గారి ఇంటి సర్వీసు గురించి

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. ఇంట్లోనే డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చే పని), ప్రూఫ్ రీడింగ్ చేస్తాను. 2025 డిసెంబరులో పది రోజుల పాటు నా కంప్యూటర్‌లో వాట్సాప్ పనిచేయక నానా అవస్థ పడ్డాను. చివరికి దాన్ని బాగుచేసింది గవర్నర్‌పేటలో మేడ మెట్ల కింద చిన్న గదిలో కూర్చునే ఒక పెద్దాయన. ఆయన సర్వీసు గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను. పుస్తకాల పని అయ్యాక ఇప్పటికి తీరిక దొరికింది. షాపు పేరు మాత్రం రాయవద్దన్నారు. ఒక్కరే పని చేసుకుంటారు, ఉన్న గిరాకీయే చాలట. అందుకే పేరు రాయకుండా ఆయన ఏం చేశారో, ఎలా చేశారో వివరంగా రాస్తున్నాను. మీ ఇంట్లో ఇదే జబ్బు వస్తే గుర్తుపట్టడానికైనా పనికొస్తుంది.

ముందు నా పని సంగతి చెప్పాలి. ప్రూఫులు ఇప్పుడు కాగితాల మీద రావడం తగ్గిపోయింది. పబ్లిషర్లు పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పంపుతారు. నేను పెద్ద స్క్రీన్ మీద చదివి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో దిద్ది, మళ్ళీ పీడీఎఫ్ చేసి పంపుతాను. రచయిత ఎక్కడో హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటారు. "42వ పేజీలో మూడో పేరా ఇలా మార్చండి" అని మెసేజ్ పెడతారు. దాన్ని కంప్యూటర్‌లోనే కాపీ చేసుకుంటే తప్పుల్లేకుండా పని జరుగుతుంది. ఫోన్‌లో చూసి కంప్యూటర్‌లో కొట్టాలంటే ఒక వత్తు పోతుంది, ఒక దీర్ఘం పోతుంది. పైగా మా ఊళ్ళో జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం జరుగుతుంది. డిసెంబరు వచ్చిందంటే ప్రతి పబ్లిషరూ పండగలోపు పుస్తకం బయటికి రావాలంటారు. నాకు ఏడాదిలో అన్నం పెట్టే నెల అదే.

డిసెంబరు 8, సోమవారం పొద్దున కంప్యూటర్ పెట్టగానే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో వచ్చింది. సీమాస్ (కంప్యూటర్ లోపలి మూల సెట్టింగులు) డేట్, టైమ్ సెట్ కాలేదని, ఎఫ్1 నొక్కితే సెటప్ అని, ఎఫ్2 నొక్కితే ముందుకు వెళుతుందని దాని సారాంశం. నేను ఎఫ్2 నొక్కాను. మామూలుగానే తెరుచుకుంది. పేజ్‌మేకర్ వచ్చింది, ఫాంట్లు ఉన్నాయి, ఫైళ్ళు ఉన్నాయి. వాట్సాప్ ఒక్కటే "కనెక్టింగ్" అంటూ చక్రం తిరుగుతూనే ఉంది. పాత మెసేజ్‌లు కనిపిస్తున్నాయి, కొత్తవి రావు. నేను పంపినవాటి పక్కన చిన్న గడియారం గుర్తు పడి అలాగే ఉండిపోతోంది. అదే వైఫై మీద ఫోన్‌లో మాత్రం అన్నీ క్షణంలో వెళుతున్నాయి. నెట్ వాళ్ళకు ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందన్నారు. నిజంగానే బాగుంది.

మా అబ్బాయి చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సాయంత్రం వీడియో కాల్‌లో ఒక్కొక్కటే చేయించాడు. ముందు యాప్ మూసి తెరిచాను. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్, రూటర్ ఆపి రెండు నిమిషాల తర్వాత మళ్ళీ ఆన్. యాంటీవైరస్ కాసేపు ఆపి చూడమన్నాడు, చూశాను. లాగౌట్ చేసి ఫోన్‌తో మళ్ళీ లింక్ చేద్దామన్నాడు. లాగౌట్ అయితే అయింది కానీ, స్కాన్ చేయాల్సిన క్యూఆర్ కోడ్ అసలు రానే లేదు. ఉన్న పాత మెసేజ్‌లూ పోయాయి. యాప్ తీసేసి కొత్తగా వేద్దామంటే డౌన్‌లోడ్ పేజీ కూడా తెరుచుకోదు.

"అమ్మా, అయితే బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్ పెట్టి చూడు" అన్నాడు. పెట్టాను. వాట్సాప్ బదులు హెచ్చరిక పేజీ వచ్చింది, ఇంగ్లీషులో. నాకు గుండె ఆగినంత పనైంది. వైరస్ పట్టుకుందనుకున్నాను, ఎవరో హ్యాక్ చేశారనుకున్నాను. చదవకుండానే మూసేశాను. వాడికి "రాలేదురా" అని మాత్రమే చెప్పాను. ఆ ఒక్క మాటతో వాడూ దారి తప్పాడు, నేనూ తప్పాను. ఎందుకో కింద చెబుతాను.

తర్వాతి రెండు రోజులు ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఫైళ్ళు అటూ ఇటూ మార్చుకుంటూ గడిపాను. పని నెమ్మదిగానైనా సాగుతోందనుకుంటున్నప్పుడే అసలు ప్రమాదం జరిగింది. ఒక కథల పుస్తకం. నేను మూడో ప్రూఫ్ దిద్ది సేవ్ చేశాను. ఫోల్డర్‌లో ఫైళ్ళు తేదీ వరసలో ఉంటాయి, కొత్తది పైన. పదేళ్ళకు పైగా అలవాటైన చేయి కదా, పైనున్న ఫైలు తీసి ఫోన్‌లోకి ఎక్కించి ప్రెస్సుకు పంపేశాను. అది రెండో ప్రూఫ్. మూడోది ఫోల్డర్ అట్టడుగున పడి ఉంది. దాని మీద తేదీ 2013 జనవరి 1. నేను ఆ తేదీ చూడలేదు, పేరు చూడలేదు. ప్రెస్సులో పనిచేసే అమ్మాయికి అనుమానం వచ్చి, "మేడమ్, అంకితం పేజీలో ఆయన ఇంటిపేరు మళ్ళీ తప్పే పడింది, చూశారా?" అని ఫోన్ చేసింది కాబట్టి అచ్చు ప్లేట్లు వేయకముందే ఆగింది. ఆ అమ్మాయికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. చనిపోయిన తండ్రికి ఒక కొడుకు ఇచ్చిన అంకితం అది. అందులో తప్పు పడితే ఆ పుస్తకాన్ని నేనెప్పటికీ ముట్టుకోలేకపోయేదాన్ని.

ఇక భయం వేసి, మర్నాడే తెలిసినవాళ్ళు చెప్పిన ఒక షాపుకు సీపీయూ పంపించాను. ఏ షాపో రాయను. రెండు రోజులు ఉంచుకున్నారు. సిస్టమ్ పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాను. శనివారం సాయంత్రం తెచ్చి బిగించి, "సర్వీసింగ్ చేశాం, వాట్సాప్ వస్తోంది. మదర్‌బోర్డ్ వీకయింది మేడమ్, ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. ఎలాగూ విండోస్ 10 అయిపోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండి. లేదంటే ఒకసారి ఫార్మాట్ చేయించండి" అన్నారు. 600 తీసుకున్నారు. ఫార్మాట్ అన్న మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. ఇన్నేళ్ళుగా కూర్చుకున్న ఫాంట్లు, ఎప్పటివో సీడీల నుంచి ఎక్కించుకున్న పేజ్‌మేకర్, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ సీడీలు ఇప్పుడు పనిచేస్తాయో లేదో కూడా తెలియదు.

శనివారం రాత్రంతా కూర్చుని పని చేశాను. వాట్సాప్ చక్కగా వచ్చింది. ఆదివారమూ వచ్చింది. సోమవారం పొద్దున మళ్ళీ అదే నల్ల స్క్రీను, అదే ఎఫ్2, అదే "కనెక్టింగ్".

పక్కింటి టీచరమ్మ గారు అప్పుడు ఈ మెకానిక్ గారి నంబరు ఇచ్చారు. ఆయనది ఒకప్పుడు టీవీ రిపేరు పనట, తర్వాత కంప్యూటర్లకు మారారు. వయసు అరవై దాటి ఉంటుంది. ఫోన్ చేసి నా కథంతా చెప్పబోతే మధ్యలో ఆపలేదు. అంతా విని, తిరిగి ప్రశ్నలు అడిగారు. ఆ ప్రశ్నలే ఆయన గొప్పతనం.

"ఫోన్‌లో వస్తుంది, కంప్యూటర్‌లో రాదు, అంతేనా అమ్మా? మిగతా వెబ్‌సైట్లు తెరుచుకుంటున్నాయా?"

లేదన్నాను. అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ అడగలేదు. నేను బ్రౌజర్ వాడేదే తక్కువ.

"రాత్రిపూట కంప్యూటర్ షట్‌డౌన్ చేసి వదిలేస్తారా, గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేస్తారా?"

గోడ దగ్గర కూడా ఆపేస్తానన్నాను. మా ఆయన ఉన్నప్పటి నుంచి ఇంట్లో అదే పద్ధతి.

"శనివారం రాత్రి ఆపారా?"

ఆలోచించాను. ఆపలేదు. తెల్లవారుజామున మూడింటి దాకా పని చేసి, షట్‌డౌన్ కొట్టి అలాగే పడుకున్నాను. స్విచ్ ఆపింది ఆదివారం రాత్రి.

"సరే. మీకు వచ్చిన ఆ హెచ్చరిక పేజీ మళ్ళీ తెరిచి, మొత్తం నాకు చదివి వినిపించండి. తొందరేం లేదు."

తెరిచి చదివాను. పైనే పెద్ద అక్షరాలతో ఉంది, మీ గడియారం వెనకబడి ఉంది అని. దాని కింద, మీ కంప్యూటర్ తేదీ, సమయం తప్పుగా ఉన్నందువల్ల భద్రమైన కనెక్షన్ కుదరడం లేదని, బ్రాకెట్లో ఆ తప్పు తేదీతో సహా రాసి ఉంది. 2013 జనవరి 1, మంగళవారం. వారం రోజులుగా జవాబు నా కళ్ళ ముందే ఉంది. ఊరందరి పేజీలూ అక్షరం వదలకుండా చదివే నేను, ఆ నాలుగు లైన్లు చదవలేదు. ఇది నన్ను చాలా బాధపెట్టింది, ఇప్పటికీ బాధగానే ఉంది.

స్క్రీన్ కింద మూలన టైమ్ కనిపిస్తుంది కదా, చూడలేదా అని మీరు అడగవచ్చు. పేజీ ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిదని నేను కింది పట్టీని దాచేసుకుంటాను. మౌస్ అక్కడికి తీసుకెళితేనే పైకి వస్తుంది. డీటీపీ చేసేవాళ్ళలో ఈ అలవాటు చాలామందికి ఉంటుంది.

కంప్యూటర్‌లో తేదీ ఎలా మార్చాలో ఫోన్ మీదే చెప్పారు. మార్చాను. అర నిమిషంలో "కనెక్టింగ్" పోయి వాట్సాప్ వచ్చింది. "ఇప్పటికి పని నడుపుకోండి. నేను వచ్చేదాకా గోడ స్విచ్ ఆపకండి. బుధవారం వస్తాను" అన్నారు. ఒక్క రూపాయి తీసుకోకుండా, ఇల్లు కదలకుండా ఆయన నాకు రెండు రోజుల పని ఇచ్చారు. అందుకే ముందు ఆయనకు నమస్కారం.

బుధవారం పదకొండింటికి వచ్చారు. చేతిలో చిన్న సంచి. అందులో స్క్రూడ్రైవర్లు, బ్రష్, మల్టీమీటర్, పాత టార్చి. క్యాబినెట్ పక్క రేకు తీసి, ముందు దుమ్ము దులిపారు. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి సెల్ ఉంది. ఇన్నేళ్ళలో నేను దాన్ని చూడనే లేదు. దాని మీద సీఆర్2032 అని ఉంది. పేరులోనే కొలతలున్నాయట. 20 అంటే 20 మిల్లీమీటర్ల అడ్డకొలత, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. మూడు వోల్టులు ఉండాల్సింది. మీటర్ పెట్టి నన్ను చూడమన్నారు. 1.3 చూపించింది.

ఆ సెల్ పని ఏమిటో ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కరెంటు పూర్తిగా ఆపేసినా కంప్యూటర్ లోపల ఒక చిన్న గడియారం నడుస్తూనే ఉండాలి. క్వార్ట్జ్ వాచీలో ఉండేలాంటి స్ఫటికమే అది, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు, షట్‌డౌన్ చేసినా సరే, లోపలికి కొద్దిగా కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి గడియారం దాని మీద నడుస్తుంది. స్విచ్ ఆపేశాక ఆ భారమంతా ఈ బిళ్ళ మీదే. బిళ్ళలో శక్తి తగ్గేకొద్దీ ముందు గడియారం వెనకబడుతుంది, తర్వాత తేదీ మొత్తం మరిచిపోయి మొదటికి పోతుంది. నా బోర్డుకు ఆ మొదలు 2013 జనవరి 1. షాపు వాళ్ళు తెచ్చి బిగించినప్పుడు తేదీ సరిచేశారు, పనిచేసింది. నా ఇంట్లో శనివారం రాత్రి స్విచ్ ఆపలేదు, పనిచేసింది. ఆదివారం రాత్రి ఆపాను, పోయింది. వాళ్ళు తేదీ సరిచేశారు కానీ అది ఎందుకు పోతోందని అడగలేదు.

"నవంబరులో గడియారం కొంచెం వెనకబడటం గమనించారా?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. ఒకరోజు పొద్దున పదింటికి సేవ్ చేసిన ఫైలు మీద అర్ధరాత్రి ఒంటిగంట అని ఉంది. కళ్ళు అలసి ఉంటాయని వదిలేశాను.

నాకు అర్థం కానిది ఒక్కటే. తేదీ తప్పయితే ఫైళ్ళ వరస చెడుతుంది, నిజమే. మెసేజ్ ఎందుకు వెళ్ళదు? అదే అడిగాను.

"మీ అబ్బాయికి ఆర్టీసీ పాస్ ఉండేదా అమ్మా?" అన్నారు. ఇంటర్‌లో ఉండేదన్నాను. "పాస్ మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది. కండక్టర్ జేబులో క్యాలెండర్ పన్నెండేళ్ళ కిందటిదనుకోండి. పాస్ చూస్తాడు. దాని మీదున్న తేదీ ఇంకా రాలేదు కదా అంటాడు. పాస్ అసలుదే. కండక్టర్ మంచివాడే. అయినా ఎక్కనివ్వడు."

వాట్సాప్ కానీ, బ్యాంకు వెబ్‌సైటు కానీ మనతో మాట్లాడేముందు తన గుర్తింపు పత్రం చూపిస్తుందట. దాన్ని సర్టిఫికెట్ అంటారు. వెబ్‌సైట్ల విషయంలో 2020 సెప్టెంబరు నుంచి కొత్తగా ఇచ్చేవాటికి గరిష్ఠ గడువు 398 రోజులే ఉంటూ వచ్చింది. చాలావాటికి 90 రోజులే. కంప్యూటర్ ఆ పత్రం మీది తేదీలను తన గడియారంతో పోల్చి చూస్తుంది. గడువు లోపల లేదంటే దొంగ సైటేమోనని తలుపు తీయదు. బ్రౌజర్ అయితే కారణం రాసి చూపిస్తుంది. యాప్ మాత్రం ఏమీ చెప్పకుండా చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. ఫోన్‌కు ఈ బాధ లేదు, టవర్ నుంచి తేదీ తీసుకుంటుంది. కాబట్టి తప్పు వాట్సాప్‌ది కాదు, నెట్‌ది కాదు, మదర్‌బోర్డ్‌దీ కాదు. ఒక బిళ్ళ అయిపోయింది, అంతే.

మరి కంప్యూటర్ నెట్ నుంచి టైమ్ తెచ్చుకోదా అని కూడా అడిగాను. కొద్ది గంటల తేడా అయితే సరిచేసుకుంటుందట. మామూలు సెట్టింగులో ఆ తేడా 15 గంటలు దాటితే విండోస్ ఆ కొత్త టైమ్‌ను నమ్మకుండా ఊరుకుంటుందని చెప్పారు. నవంబరులో నాకు పెద్దగా తెలియకుండా ఎలా నడిచిందో అప్పుడు అర్థమైంది.

కొత్త సెల్ వేసే ముందు దాన్నీ మీటర్ మీద పెట్టి చూపించారు, 3.2. వేసి, బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెటప్‌లోకి వెళ్ళి తేదీ, టైమ్ పెట్టి, ఎఫ్10 కొట్టి సేవ్ చేశారు. విండోస్ తెరిచాక టైమ్ జోన్ మన దేశానిదే ఉందో లేదో, అంటే గ్రీనిచ్ సమయం కన్నా ఐదున్నర గంటలు ముందు ఉందో లేదో చూశారు. అది తప్పుగా ఉంటే గడియారం పైకి సరిగ్గా కనిపించినా లోపలి లెక్క తప్పే ఉంటుందట.

నేను డబ్బులు తీయబోతే, "ఇప్పుడే కాదు" అన్నారు. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకేశారు. "అరగంట ఆగి చూద్దాం" అన్నారు. నేను కాఫీ పెట్టాను. ఆ అరగంటలో వేరే ఏ మెకానిక్ అయినా ఇంకో రెండిళ్ళు తిరిగేవారు. ఈయన మా వరండాలో కూర్చుని కాఫీ తాగి, మా జామచెట్టు సంగతి అడిగి, సరిగ్గా అరగంటకు లేచారు. ప్లగ్గు పెట్టి ఆన్ చేశారు. నల్ల స్క్రీన్ రాలేదు. తేదీ, టైమ్ నిమిషం తేడా లేకుండా ఉన్నాయి. వాట్సాప్ నేరుగా తెరుచుకుంది. 37 మెసేజ్‌లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పది రోజుల టెన్షన్ కదా.

చాట్లు తెరుచుకోగానే ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. నేనది గమనించాను. తర్వాత ఒక పని చేయించారు, ఇది ఆడవాళ్ళందరికీ చెప్పాలి. ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌లో "లింక్డ్ డివైసెస్" తెరవమన్నారు. మన నంబరు ఏయే కంప్యూటర్లకు కలిసి ఉందో అక్కడ కనిపిస్తుంది. ఫోన్ కాకుండా నాలుగింటికి కలపవచ్చు. నా జాబితాలో ఎప్పుడో మా చెల్లెలు వాళ్ళింట్లో పెట్టుకున్నది ఒకటి ఉంది, తీసేయించారు. "సీపీయూ బయటి షాపుకు పంపేముందు ఇందులో లాగౌట్ చేయండమ్మా. తెచ్చుకున్నాక పాస్‌వర్డ్ మార్చండి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మీ మెసేజ్‌లు మీవి" అన్నారు. నేను రెండు రోజులు పాస్‌వర్డ్‌తో సహా అక్కడ వదిలేశాను. నా అదృష్టం, నా వాట్సాప్ అప్పటికే లాగౌట్ అయి ఉంది, మళ్ళీ లింక్ చేయడానికి నా ఫోన్ వాళ్ళ దగ్గర లేదు. ఈయన నా పాస్‌వర్డ్ అడగనేలేదు. అవసరమైన ప్రతిసారీ నాతోనే కొట్టించారు.

పాత బిళ్ళను టేపు చుట్టి తన సంచిలో వేసుకున్నారు. ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతారా అని అడిగారు. మా చెల్లెలి మనవరాలు వస్తూ ఉంటుందన్నాను. అయిపోయిన బిళ్ళ అయినా సరే పిల్లలు మింగితే రెండు గంటల్లోనే లోపల అన్నవాహిక కాలిపోవచ్చని, కొత్తదైనా పాతదైనా ఎక్కడపడితే అక్కడ పెట్టవద్దని చెప్పారు. ఒకవేళ మింగినట్టు అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలట. ఈ మాట చెప్పే మెకానిక్‌ను నేను ఇదే చూడటం.

సెల్‌కు 40, ఇంటికి వచ్చినందుకు 250. మొత్తం 290 తీసుకున్నారు. 300 ఇస్తే పది తిరిగి ఇచ్చారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి, లేకపోతే రాసినదానికి విలువ ఉండదు. మొదటిది, వెంటనే రారు. సోమవారం పిలిస్తే బుధవారం వచ్చారు. ఫోన్‌లో దారి చెప్పారు కాబట్టి నాకు గడిచింది. కంప్యూటర్ అసలు ఆన్ కాని వాళ్ళకు ఆ రెండు రోజులు చాలా కష్టం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోన్ ఎత్తరు. రెండోది, బిల్లు ఇవ్వరు. నాకు అవసరం లేదు కానీ ఆఫీసు లెక్కల్లో చూపించుకోవాల్సిన వాళ్ళకు కుదరదు. మూడోది, ల్యాప్‌టాప్‌లు చూడరు. కొన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఇలాంటి బిళ్ళే ఉంటుందట, తీగతో కలిపి ఉంటుందట, కానీ వాటి జోలికి పోనన్నారు. తెలియనిది తెలియదని చెప్పడం నాకు మంచిగానే అనిపించింది. మీకు ల్యాప్‌టాప్ ఉంటే మాత్రం వేరే వాళ్ళను చూసుకోవాలి.

విండోస్ 10 గురించి కూడా అడిగాను, మొదటి షాపు వాళ్ళ మాట మనసులో ఉండిపోయింది కాబట్టి. ఆ మాట అబద్ధం కాదన్నారు. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు అప్‌డేట్లు ఆపేసింది. బ్యాంకు పనులు ఈ కంప్యూటర్‌లో చేయవద్దని, రాబోయే రోజుల్లో కొత్తది తీసుకోవాల్సిందేనని, తీసుకున్నా పేజ్‌మేకర్ కోసం దీన్ని నెట్ లేకుండా పక్కన ఉంచుకోవచ్చని సలహా ఇచ్చారు. "కానీ ఈ జబ్బుకు అది మందు కాదమ్మా. రెండు సంగతులూ కలపకండి" అన్నారు. పని పోతుందన్న భయంలో ఉన్న మనిషికి 40 రూపాయల బిళ్ళకు బదులు కొత్త సిస్టమ్ అమ్మడం చాలా తేలిక. నేను కొనేసేదాన్ని కూడా. అప్పు చేసి కొనేదాన్ని.

ఇలాంటిదే మీకు వస్తే ఎవరినైనా పిలిచేముందు ఒక్క నిమిషం కంప్యూటర్ తేదీ చూడండి. గంట, నిమిషం కాదు, సంవత్సరం చూడండి. సరిచేశాక కూడా స్విచ్ ఆపిన ప్రతిసారీ తేదీ పోతుంటే ఆ బిళ్ళే. చేయి అలవాటున్న వాళ్ళు సొంతంగా వేసుకోవచ్చు. ప్లగ్గు పూర్తిగా తీసేయాలి, ముట్టుకునే ముందు క్యాబినెట్ రేకును ఒకసారి తాకాలి, అక్షరాలున్న వైపు పైకి ఉండాలి. నేనైతే ఆయన్నే పిలుస్తాను.

కథల పుస్తకం పుస్తక మహోత్సవానికి అందింది. అంకితం పేజీలో ఇంటిపేరు సరిగ్గానే పడింది. మెకానిక్ గారు వెళ్ళేముందు క్యాబినెట్ లోపలి రేకు మీద మార్కర్‌తో "సెల్ 17-12-2025" అని రాసి వెళ్ళారు. ఎప్పటిలాగే రాత్రి గోడ స్విచ్ ఆపుకోమన్నారు, ఉరుముల కాలంలో అదే మంచిదట. ఆపుతున్నాను. గవర్నర్‌పేటలో మందుల షాపుల వరస మధ్యలో ఆ మెట్ల కింద గది ఉంటుంది. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట లోపు వెళితే కలుస్తారు, ఆదివారం ఉండరు.